పీట లేని పిల్ల

సోమవారం పొద్దున మా వీధిలో పిల్లలు పీటలు నెత్తిన పెట్టుకుని నడుస్తారు. దూరం నుంచి చూస్తే పీటలే నడిచి వస్తున్నట్టుంటుంది. అన్నీ ఇంట్లో బడి నడిపే లెదిస్ గుమ్మం దగ్గరికే చేరతాయి.

ఏ రెండు పీటలూ ఒకలా ఉండవు. కొన్నిటికి ఆవుతోలు బిగించి ఉంటుంది. కొన్ని పాత తలుపు కోసి చేసినవి. ఒకటి రంగుడబ్బా, బోర్లిస్తే పీట అయింది. వారమంతా పీట బడిలోనే ఉంటుంది. శుక్రవారం పిల్లతో పాటు ఇంటికి పోతుంది, సోమవారం మళ్ళీ వస్తుంది. వారం మధ్యలో పీట ఇంటికి పోయిందంటే పిల్ల బడి మానేసినట్టు. పీట వీధిలో కనబడిందంటే సెన్యోయే పిల్లను వెళ్ళగొట్టినట్టు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పీటను చూస్తే తెలిసిపోతుంది.

ఇంట్లో బడి చెప్పే ఆడమనిషిని ఈ నది పొడుగునా సెన్యో అంటారు. పీటల పద్ధతి లెదిస్ పెట్టింది కాదు. ఆమెకు అక్షరాలు నేర్పిన బెత్సబే సెన్యో కాలానికే అది పాతది. ఆవిడ జామబెత్తం పట్టుకుని ఊగుకుర్చీలో కూర్చునేది. పిల్లలు గుమ్మంలో ఆగి "దండాలు సెన్యో" అనాలి. అనని వాళ్ళు లోపలికి రాకూడదు. ఒకసారి ఒక పిల్లాడు పంతం పట్టి మధ్యాహ్నం దాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడ వాడి వైపు చూడను కూడా లేదు. వాడు ఇప్పుడు చర్చి పక్క వీధిలో మంగలి. ఆవిడ సమాధి మీద పూలు పెట్టేది వాడే.

జామబెత్తం లెదిస్ వాడలేదు. మిగతావన్నీ ఉంచుకుంది.

ఆమె బడి పెట్టాలని ఎప్పుడూ అనుకున్న మనిషి కాదు. బజారులో బట్టల కొట్టులో గుడ్డ కొలిచేది. మొగుడు ఎలియేసెర్ మోటారు పడవలో జనాన్ని నది దాటించేవాడు. ఒక్కతే కూతురు, మారెల్విస్.

మారెల్విస్‌కు అప్పటికి నాలుగేళ్ళు దాటాయి. తల్లితో గలగలా మాట్లాడేది. తండ్రితో రెండు మూడు మాటలు. మూడో మనిషి గదిలోకి వస్తే నోరు మూసేసేది. వాళ్ళు వెళ్ళిన తర్వాత వాళ్ళ చెప్పుల గురించి, గొంతు గురించి, వాళ్ళు గ్లాసులో వదిలేసిన నీళ్ళ గురించి తల్లికి అన్నీ చెప్పేది. మూగది కాదని తల్లికి తెలుసు. ఆ మాట పైకి అంటే నమ్మేవాళ్ళు లేరు.

ఊళ్ళోని చిన్నపిల్లల బడిలో చేర్చారు. పిల్ల గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది, వదల్లేదు. మాట వచ్చాక తీసుకురమ్మని చెప్పి పంపించారు. వచ్చే ఫిబ్రవరిలో పెద్దబడి. అక్కడ చేర్చుకునేటప్పుడు నీ పేరేమిటని పిల్లనే అడుగుతారు. పిల్లే చెప్పాలి, తల్లి చెబితే చెల్లదు. లెదిస్‌కు ఆ ఫిబ్రవరి కళ్ళ ముందే ఉండేది. ఆ లోపల కూతురు ఒక్క పిల్లతోనైనా ఒక్క మాట అనాలి. ఆమెకు కావలసింది అంతే.

ఎనిల్దా పక్కింటావిడ. మారెల్విస్‌కు జ్ఞానస్నానం నాడు తల్లిగా నిలబడింది కాబట్టి లెదిస్‌కు వదిన వరస. ఒక సాయంత్రం వీధిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు ఆమె అంది.

"పిల్ల బడికి పోకపోతే బడినే పిల్ల దగ్గరికి తోలుకురా. మా దైరోగాణ్ణి రేపే పంపుతా. వాడు నీ ఇంట్లో ఉంటే నా ఇంట్లో గిన్నెలు మిగుల్తాయి."

"నాకేం వచ్చు వదినా, గుడ్డ కొలవడం తప్ప?"

"పిల్లల్నీ కొలు. మూర తగ్గితే నేనేం అడగన్లే."

లెదిస్ కొట్టు మానేసింది. ముందుగదిలో మంచం వెనక గదికి పోయింది. పాత పడవ చెక్కకు ఎలియేసెర్ నల్లరంగు పూశాడు. అది నల్లబల్ల. లెక్కకు కందిగింజలు. పదింటికి బెల్లం నీళ్ళు, మొక్కజొన్న రొట్టె ముక్క. దైరో వచ్చాడు. వాణ్ణి చూసి ఇంకొందరు వచ్చారు. ఒసీరిస్ అత్త తన మనవరాలు యులీసాను తానే తీసుకొచ్చి దింపింది. వీధి చివర చేపలు వేయించి అమ్మే ఒసీరిస్ ఎవరింటికైనా మనవరాల్ని పంపిందంటే ఆ ఇల్లు పరీక్ష నెగ్గినట్టే.

మారెల్విస్‌కు పీట లేదు. ఇంటి పిల్లకు పీట ఎందుకు? ఆమె తల్లి ఊగుకుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడేది. అలసిపోతే ఒళ్ళోకి ఎక్కేది. గుమ్మంలో దండాలు చెప్పడం కూడా ఆమెకు లేదు. అక్కడే పడుకుని అక్కడే లేచిన పిల్ల గుమ్మంలోంచి ఎలా వస్తుంది? ఇది ఎవరికీ తప్పనిపించలేదు. బెత్సబే సెన్యో కూతురూ అలాగే పెరిగింది.

"సెన్యో, అది మాట్లాడదా?" అని దైరో అడిగాడు.

"మాట్లాడుతుంది."

"ఎప్పుడు?"

"మీరు వెళ్ళాక."

దైరో ఆలోచించాడు. "అయితే వెళ్ళినట్టు వెళ్ళి కిటికీ కింద కూర్చుంటాం."

కూర్చున్నారు కూడా. మారెల్విస్ కిటికీ వైపు చూసి నోరు విప్పలేదు.

నెలలు గడిచాయి. పిల్లలు అచ్చులు నేర్చుకున్నారు, కందిగింజలు ముక్కులో పెట్టుకోకూడదని నేర్చుకున్నారు. మారెల్విస్ కుర్చీ చెయ్యి వదల్లేదు. సోమవారం మాత్రం తలుపు వెనక నిలబడేది. ఒక్కొక్క పీట గుమ్మంలో ఆగడం, కింద తల వంగడం, దండాలు చెప్పడం, పీట లోపలికి రావడం, అన్నీ చూసేది. చూడటం అయ్యాక తల్లి దగ్గరికి వెళ్ళిపోయేది.

అక్టోబరులో ఒక మంగళవారం దైరో పీట వీధి మలుపులో కనబడింది. ఎనిల్దా దాన్ని చంకన పెట్టుకుని వచ్చింది.

"ఏం వదినా, మావాణ్ణి గెంటేశావా? గెంటితే గెంటావు, వాడి కన్నా పీటను ముందు గెంటడం ఏమిటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరో ఆకతాయి పని అనుకున్నారు.

తర్వాతి వారం యులీసా పీట అదే మలుపులో పడి ఉంది. బొగ్గుల బండి దాని మీదుగా పోయింది. ఒక కాలు విరిగింది. ఒసీరిస్ అత్త వచ్చేసరికి మలుపులో నలుగురు మూగి ఉన్నారు. ఆమె పీటను తీసుకుని లెదిస్ గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

"నా మనవరాలు నీ బడికి బరువైందా, లెదిస్?"

"అదేం మాట అత్తా?"

"నేను అనలేదు. వీధిలో పడున్న పీట అంది."

"నేను పెట్టలేదు."

"గాలి పెట్టిందా? ఈ వీధిలో గాలి ఎప్పుడు వీచింది?" ఆమె విరిగిన కాలు ఎత్తి చూపింది. "మా ఆయన చేత్తో చేసిన పీట. దీని తల్లి కూర్చుంది, ఇది కూర్చుంది. ఆయన పోయినా పీట నిలబడింది. నీ ఇంట్లో నిలబడలేకపోయింది."

"అత్తా, లోపలికి రా, మాట్లాడుకుందాం."

"వద్దంటే మొహం మీద చెప్పాలి. పీటను వీధిలో పెట్టకూడదు. బెత్సబే కొట్టేది, తిట్టేది, అలా మాత్రం ఎవరికీ చెయ్యలేదు."

పీట నెత్తిన పెట్టుకుంది. మనవరాలి చెయ్యి పట్టుకుంది. ఆమె ఇల్లు ఎడమ వైపు. ఆమె కుడికి తిరిగింది. చర్చి చుట్టూ, బజారు మీదుగా, అందరూ చూసేలా నడిచి ఇంటికి పోయింది.

మర్నాడు రెండు పీటలు వెళ్ళిపోయాయి. ఒక పిల్లకు దగ్గన్నారు. ఇంకో పిల్ల అమ్మమ్మ ఊరు వెళ్తోందన్నారు. ఆ వారం గడిచేసరికి దైరో పీట, రంగుడబ్బా మిగిలాయి.

పెరటి తలుపు గడియ తీసి ఉండటం లెదిస్ చూసింది. ఆ గడియ కిందికే ఉంటుంది, చిన్న చేతికీ అందుతుంది. పెద్దవాళ్ళయితే మళ్ళీ వేసి ఉండేవాళ్ళు. కూతుర్ని పిలిచింది.

"పీటలు నువ్వేనా బయట పెట్టింది?"

మారెల్విస్ తలూపింది.

"ఎందుకు?"

మారెల్విస్ పెరటి తలుపు వైపు చూసింది.

"వాళ్ళు రావడం నీకు ఇష్టం లేదా?"

లెదిస్ కొట్టలేదు. రెండు భుజాలు పట్టుకుని కుదిపింది. "ఇదంతా ఎవరి కోసమే? ఎవరూ రాకపోతే ఎవరితో ఆడుకుంటావు? గోడతోనా?"

ఆ సాయంత్రం నుంచి మారెల్విస్ తల్లితో కూడా మాట్లాడటం మానేసింది. పెట్టింది తినేది. పిలిస్తే వచ్చేది. ఎనిల్దా వచ్చి వెళ్ళినా ఆమె చెప్పుల గురించి చెప్పలేదు. ఆ ఇంట్లో ఒక గొంతే మిగిలింది. లెదిస్ కూడా నెమ్మదిగా మాటలు తగ్గించింది. ఒక్కతే మాట్లాడుకుంటున్నట్టు ఉండేది.

శనివారం మధ్యాహ్నం ఎలియేసెర్ భోజనానికి కూర్చున్నాడు. వేయించిన నదిచేప, ఉడికించిన కర్రపెండలం. అది ముళ్ళ చేప. తినేటప్పుడు అతను మాట్లాడడు.

"బడి తీసేస్తాను," అంది లెదిస్.

"ఊఁ."

"ఊఁ ఏమిటి?"

"నోట్లో ముల్లుంది."

ఆమె ఆగింది. అతను ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"నీ కూతురు నాతో కూడా మాట్లాడటం లేదయ్యా."

"నాతో మాట్లాడిందే."

"ఎప్పుడు?"

"పీట గొడవ అయిన పొద్దున. పడవ దగ్గరికి పోతున్నా. మలుపులో నిలబడుంది, నెత్తిన పీట పెట్టుకుని. ఎక్కడికే అన్నా. బడికి అంది."

లెదిస్ చెయ్యి గిన్నె మీదే ఉండిపోయింది.

"బడి మనింట్లోనే కదే, వెనక్కి పో అన్నా. పీట అక్కడే పడేసి పెరటి సందులోకి పరిగెత్తింది. పడవలో జనం కూర్చునున్నారు. నేను పోయాను."

"ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పవేం?"

"ఏముంది చెప్పడానికి? పిల్ల ఆడుకుంటోంది అనుకున్నా."

"ఎవరి పీటో చూడలేదా?"

"పీట పీటే కదే."

లెదిస్ లేచి పెరట్లోకి వెళ్ళింది. తలుపు తీసింది. సందు. సందు దాటితే మలుపు. మలుపు తిరిగితే వీధి. వీధిలో కొంచెం నడిస్తే తన ఇంటి ముందు గుమ్మం. వెనకనుంచి బయటికి పోయి ముందునుంచి ఇంట్లోకి రావడానికి అదే దారి. ఆ దారిలో వచ్చేవాళ్ళకు నెత్తిన పీట ఉండాలి. తన కూతురికి పీట లేదు.

ఆ సాయంత్రం పుట్టింటికి వెళ్ళింది. తను బెత్సబే సెన్యో దగ్గరికి మోసుకుపోయిన పీట అక్కడే ఉంది. తల్లి దాని మీద చేపలకు పొలుసు గీకుతోంది.

"ఇది తీసుకుపోతానమ్మా."

"మరి నేను దేని మీద గీకను?"

"నేల మీద గీకు."

"పెళ్ళయి ఇన్నేళ్ళకు గుర్తొచ్చిందా పీట," అంది తల్లి, కత్తి తుడుచుకుంటూ. ఇచ్చేసింది.

లెదిస్ దాన్ని బూడిద పెట్టి తోమింది. నిమ్మకాయలు రుద్దింది. ఎండలో పెట్టింది. వాసన పోలేదు.

ఆదివారం సాయంత్రం ఒసీరిస్ అత్త దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిపోయిన పీట కోసం సెన్యోయే వెళ్ళి అడగాలి, వట్టి చేతులతో వెళ్ళాలి. ఏమైనా పట్టుకుపోతే పిల్లను కొనుక్కున్నట్టు ఉంటుంది. వీధి పొడుగునా ఊగుకుర్చీలు బయటే ఉన్నాయి. ఆమె నడుస్తుంటే కుర్చీల ఊపు ఒక్కొక్కటే తగ్గింది.

"అత్తా, పీట బయట పెట్టింది నా కూతురు."

"తెలుసు. నీ ఇంట్లో ఇంకెవరున్నారు, పిల్లా?" ఒసీరిస్ విసనకర్ర ఆపలేదు. "మాటలు రావన్నారు, చేతులు బాగానే వచ్చు."

"తను కూడా బడికి రావాలని మోసుకుపోయింది. బయటినుంచి. అందరిలాగ."

విసనకర్ర ఆగింది.

"మీ వంటగదికీ బడికీ ఎంత దూరమే?"

"మధ్యలో ఒక గోడ."

"దానికి పీట లేదా?"

"లేదు. ఇంటి పిల్ల కదా అనుకున్నాను."

"బట్టలమ్మిన బుద్ధి," అంది ఒసీరిస్. "కొట్లో అందరికీ కొలుస్తారు, ఇంట్లో వాళ్ళకు చిరుగులే."

పక్క కుర్చీలో ఎవరో నవ్వారు. లెదిస్ నిలబడే ఉంది.

"యులీసాను పంపుతావా అత్తా?"

"పీటకు కాలు లేదు."

"నేను బాగు చేయిస్తా."

"మా ఇంట్లో మేకుల్లేవా?"

అంతకు మించి అనలేదు. పంపుతాననలేదు, పంపననలేదు. విసనకర్ర మళ్ళీ ఊగింది. లెదిస్ వచ్చేసింది.

సోమవారం పొద్దున కూతురికి జుట్టు దువ్వి, పెరటి తలుపు దగ్గర పీట పెట్టింది.

"ఇది నీది. నా చిన్నప్పుడు నాది. బడికి ఆలస్యం చెయ్యకు."

మారెల్విస్ పీట చుట్టూ తిరిగింది. వంగి వాసన చూసింది. నెత్తిన పెట్టుకుంది. గడియ తీసుకుని వెళ్ళింది.

లెదిస్ ముందుగదిలోకి వచ్చి ఊగుకుర్చీలో కూర్చుంది. దైరో వచ్చి దండాలు చెప్పాడు. రంగుడబ్బా పిల్ల వచ్చి చెప్పింది. తర్వాత గుమ్మంలో మారెల్విస్ నిలబడింది.

పీట నెత్తిన ఉంది. రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకుంది. నోరు మూసుకుని ఉంది.

లెదిస్ ఎదురుచూసింది.

"సెన్యో, మారెల్విస్ వచ్చింది," అన్నాడు దైరో.

"చూశాను."

"రమ్మనండి."

"నిన్ను రమ్మన్నానా? నువ్వు దండాలు చెప్పి వచ్చావు."

"దాని బదులు నేను చెప్తా."

"నీది నువ్వు చెప్పావు. చాలు."

లెదిస్ లేచి నల్లబల్ల మీద అచ్చులు రాసింది. ఇద్దరు పిల్లలు చదివారు. మళ్ళీ చదివించి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎండ గుమ్మం మీదికి వచ్చింది. మారెల్విస్ కాలు మార్చి నిలబడింది. తను లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే పిల్ల వచ్చేస్తుందని లెదిస్‌కు తెలుసు. వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ఫిబ్రవరి దాకా కూర్చుంటుంది. ఆమె కుర్చీ చేతుల మీద తన చేతులు పెట్టుకుంది.

ఎనిల్దా కిటికీలోంచి తొంగి చూసింది. "వదినా, పిల్ల మాడిపోతోంది."

"చూస్తున్నా వదినా."

"సొంత పిల్లకు కూడానా?"

"అందరికీ అదే గుమ్మం."

ఎనిల్దా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

అప్పుడు వీధిలో ఇంకో పీట కనబడింది. దాని కింద యులీసా. ఒక కాలు కొత్తది, రంగు వేరు. ఆమె వెనక చాలా దూరంలో ఒసీరిస్ అత్త చేపల బుట్టతో నిలబడి ఉంది. అటే వెళ్తున్నట్టుగా ఉంది, వెళ్ళడం లేదు.

యులీసా గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. ముందు మారెల్విస్ ఉంది.

"జరుగు," అంది యులీసా.

మారెల్విస్ జరగలేదు.

"జరగవే. నాది బరువు."

మారెల్విస్ పీటతో సహా గుమ్మానికి ఇంకా అడ్డంగా తిరిగింది.

"నేను ముందొచ్చాను," అంది.

లోపల దైరో నోరు తెరిచాడు. యులీసా మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమెకు నెత్తిన బరువుంది.

"ముందొస్తే చెప్పు మరి. చెప్పకుండా నిలబడితే నేనెప్పుడు లోపలికి పోను?"

మారెల్విస్ గది వైపు తిరిగింది. తల్లిని చూడలేదు, నేలను చూసింది. చాలా నెమ్మదిగా, పీట కింద నుంచి, అంది.

"దండాలు సెన్యో."

"దండాలు. లోపలికి రా," అంది లెదిస్. దైరోతో అన్నట్టే అంది. గొంతు మారలేదు. చేతులు కుర్చీ మీద నుంచి తియ్యలేదు.

మారెల్విస్ లోపలికి వచ్చింది. వెనకే యులీసా దండాలు చెప్పి వచ్చింది. కొత్త కాలు కొంచెం పొడుగు, కూర్చుంటే పీట ఊగింది. ఆమెకు అది నచ్చింది, కావాలని ఊగింది.

మారెల్విస్ ఊగుకుర్చీ దగ్గరికి పోలేదు. దైరో పక్కన పీట వేసి కూర్చుంది. వాడు ముక్కు మూసుకున్నాడు.

"సెన్యో, దీని పీట చేప కంపు."

తన పీట గోడ వైపు జరుపుకున్నాడు. మారెల్విస్ లేచింది. పీట ఎత్తుకుంది. వాడి పక్కకే వెళ్ళి, వాడి పీటకు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది.